వీపు మీద జిప్పు

బళ్ళారి బ్రూస్‌పేటలో జీన్స్ ప్యాంటు ఒక్క ఇంట్లో తయారు కాదు. ఒక ఇంట్లో నడుం పట్టీలు కుడతారు, పక్కింట్లో జేబులు, సందు చివర ఇంట్లో కాళ్ల మడతలు. సిద్దక్క ఇంట్లో జిప్పులు. పందొమ్మిదేళ్ల వయసులో మిషను ముందు కూర్చున్న మనిషి, నలభై ఏడు వచ్చేదాకా జిప్పులే వేసింది. ఆ వీధిలో సిద్దక్కలు ముగ్గురు ఉన్నారు కాబట్టి ఈమెను జిప్పు సిద్దక్క అనేవాళ్లు. రన్నరును రెండు వేళ్లతో పట్టుకుని ఒకసారి పైకీ కిందికీ లాగితే చాలు, అది ఎన్నాళ్లు ఉంటుందో, ఎక్కడ బిగుసుకుంటుందో చెప్పేసేది. ఆమె చెప్పిన మాట తప్పిందని ఎవరూ అనలేదు.

భర్త ఉచ్చెంగెప్ప సండూరు గనుల్లో లారీ తోలుతాడు. పదిహేను రోజులకొకసారి ఇంటికొచ్చి రెండు రోజులు పడుకుని లేచి పోతాడు. కూతురు భూమిక గాంధీనగర్‌లో డిగ్రీ చదువుతోంది. చిన్నప్పుడు అనంతపురంలో మేనమామ దగ్గర పెరిగింది కనుక ఆ ఇంట్లో తెలుగు అక్షరాలు వచ్చింది ఆ పిల్లకొక్కదానికే. సిద్దక్క చదివిన నాలుగు తరగతులూ కన్నడంలో.

పోయిన ఏడు మార్చి నెల చివర ఒక మధ్యాహ్నం అక్షత అనే అమ్మాయి ఆ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. హైదరాబాదు నుంచి. సినిమాలో వేషాలకు బట్టలు చూసే పని ఆమెది. సిరుగుప్ప తాలూకా హచ్చొళ్ళి పొలాల్లో ఒక సినిమా తీస్తున్నారని, దానికి మందమైన గుడ్డ కుట్టగలిగే చెయ్యి కావాలని, జీన్స్ యూనిట్లలో అడిగితే అందరూ ఒకే పేరు చెప్పారని అంది.

"ఏం కుట్టాల?" అని అడిగింది సిద్దక్క.

"మనిషిని కాదక్కా. వేరే గ్రహం నుంచి దిగిన వాడిని," అని నవ్వింది అక్షత.

కథ ఎవరో ఊహించుకున్నది కాదు, అచ్చులో ఉన్న నవల. రాసినాయన హచ్చొళ్ళి దగ్గర క్యాంపులోనే ఉంటాడు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి వేసుకున్న కుటుంబాల వాడను అక్కడ క్యాంపు అంటారు. పేరు బసవపున్నయ్య, హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మాస్టారు. ఆ నవల పేరు 'నీళ్లడిగినోడు'. అక్షత ఒక ప్రతి ఇచ్చి పోయింది, చర్మం రంగూ అదీ అందులో ఉంది చూడమని. ఆ వారమంతా భూమిక కాలేజీ నుంచి వచ్చాక తల్లి మిషను పక్కన కూర్చుని దాన్ని చదివి వినిపించింది.

నవలలో ఎక్కడా నవ్వు లేదు. కాలువ ఎండిపోయిన ఏడు, ఆఖరి తూము దగ్గర ఒక జీవి పడుతుంది. దాని చర్మం ఉల్లిపొరలాగా పలచగా ఉంటుంది, ఎండ తగిలిన చోటల్లా చీలుతూ ఉంటుంది. అది పొలం పొలం తిరిగి నీళ్లడుగుతుంది. ఎవరి భయం వాళ్లది, ఎవరూ పోయరు. సిద్దక్క వింటూ వింటూ మిషను ఆపేసి, "సినిమాలో దీనికి పెండ్లి చేస్తారంట కదా," అంది. అవును. సినిమా పేరు 'పైలోకం అల్లుడు'. అందులో ఆ జీవి ఊరి పెద్ద కూతురిని చేసుకుని మామను ముప్పుతిప్పలు పెడుతుంది.

అక్షత పంపిన సరుకు ఆటోలో వచ్చింది. రెండంగుళాల మందం ఫోము, మీద ఆకుపచ్చ రెక్సిను, లోపల గట్టిగా నిలవడానికి జీన్స్ గుడ్డ, తలకు రబ్బరు. సిద్దక్క దాన్ని చేత్తో తడిమి చూసి, "దీన్లో గాలి యాడ నుంచి పోతాది?" అని అడిగింది. కళ్ల దగ్గర రెండు కన్నాలు, నోటి దగ్గర ఒక చీలిక, అంతే అంది అక్షత. తర్వాత జిప్పు సంగతి వచ్చింది.

"జిప్పు ముందర పెడతా," అంది సిద్దక్క.

"వద్దక్కా. కెమెరాకు కనిపిస్తుంది. వీపు మీద పెట్టండి. మెడ నుంచి నడుం కిందికి. దాని మీద ఒక పట్టీ వేసి ప్రెస్ బటన్లు పెడితే అతుకే తెలీదు."

"ఈపు మీద పెడితే లోపలుండే మనిషి తనంతట తాను ఇప్పుకోలేడు కదమ్మా. ఈ ఫోములో చెయ్యి ఎనక్కి తిరగదు."

"వాడెందుకు విప్పుకోవాలి? మీరే ఉండండి షూటింగులో. షాట్‌కు ముందు మీరు మూయండి, అయ్యాక మీరే విప్పండి. రోజువారీ మనిషిగా పెట్టుకుంటాం."

సిద్దక్క ఇంకొక్కసారి అంది, ముందర పెట్టినా కనపడకుండా కుట్టగలనని. అక్షత ఫోను మోగింది. మాట అక్కడికి ఆగింది. వీపు మీదే పెట్టింది.

ఆ తొడుగు తయారయ్యాక నాలుగు రోజులు వాళ్ల నడవలో కొక్కేనికి వేలాడింది. కాళ్లు నేలకు ఆనీ ఆనకుండా, చేతులు కొంచెం ముందుకు చాచుకుని. భూమిక ఆ పక్కగా నడిచేది కాదు. ఇంటికి ప్యాంట్లు తెచ్చే మనిషి కూడా గుమ్మం దగ్గరే మూట దింపి పోయేవాడు. ఐదో రోజు మధ్యాహ్నం సిద్దక్క దాన్ని తానే వేసుకుని చూసింది. కొలత కోసం కాదు, లోపల ఎట్లా ఉంటుందో తెలియడం కోసం. భూమిక జిప్పు పైకి లాగింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది కానీ దాని చప్పుడు తప్ప గాలి తెలియలేదు. తన ఊపిరి తన మొహానికే కొడుతోంది. కాసేపటికి చెవుల్లో హోరు మొదలైంది. "ఇప్పు," అంది. బయటికి వినపడలేదు. చెయ్యెత్తి గాలిలో ఆడించింది. భూమిక వెనక నిలబడి లాగుతోంది గాని రన్నరు నడుం వంపు దగ్గర బిగుసుకుంది. చివరికి కాలు అడ్డం పెట్టి లాగితే వచ్చింది.

ఆ సాయంత్రమే ఆ రన్నరు తీసేసి మందమైన ఇత్తడిది వేసింది. అక్షతకు ఫోను చేసి, పది నిమిషాలకంటే ఎక్కువ ఒక్కసారిగా లోపల ఉంచొద్దని చెప్పింది. "మీరు చాలా జాగ్రత్తక్కా, అందుకే మిమ్మల్ని పెట్టుకుంది," అంది అక్షత.

మే నెలలో షూటింగు మొదలైంది. కాలువ కట్టేసిన రోజులు. కోత కోసిన వరి మళ్లు బీటలు వారి, మొదళ్లు ముళ్లలాగా నిలబడి ఉన్నాయి. ఆ తొడుగులోకి దిగడానికి ఎత్తరి మనిషి కావాలని హచ్చొళ్ళిలోనే వెతికారు. హనుమేశ్ దొరికాడు. ముప్పై ఒక్క ఏళ్లు, ఆరడుగుల మనిషి, వడ్ల మూటలు ఎత్తే పని. ఊరి నాటకాల్లో భీముడి వేషం కట్టినవాడు. ముఖం కనపడదని తెలిసి కూడా సంతోషంగా ఒప్పుకున్నాడు. పెళ్లాం నేత్ర మొదటి రోజు వచ్చి, దూరంగా గట్టు మీద నిలబడి చూసి, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వి పోయింది.

మూడో రోజుకు ఒక ఇబ్బంది వచ్చింది. వంగినప్పుడల్లా వీపు మీది పట్టీ లేచి జిప్పు మెరుస్తోంది. దగ్గర నుంచి తీసే షాట్లకు పట్టీని దారంతో కుట్టేయమన్నారు. అప్పటి నుంచి అట్లాంటి ప్రతి షాటుకు ముందు సిద్దక్క పెద్ద సూదితో, పొడుగు కుట్లతో ఆ మనిషిని లోపల పెట్టి కుట్టేది. షాటు అయ్యాక నడుముకు కట్టుకున్న చిన్న కత్తెరతో కుట్లు తెంపేది.

లోపల నుంచి హనుమేశ్ గొంతు బావిలోంచి వచ్చినట్టు వచ్చేది. "అక్కా, కుట్టేసినావా?"

"కుట్టేసినా."

"ముడి గట్టిగ ఏయొద్దక్కా."

"ఏయలేదప్పా."

రోజూ ఇవే మాటలు. మొదట్లో నవ్వుతూ అడిగేవాడు. వారం తిరిగేసరికి నవ్వకుండా అడగడం మొదలుపెట్టాడు.

ఇంకొకటి కూడా ఆమె కనిపెట్టింది. హనుమేశ్ నీళ్లు తాగడం మానేశాడు. పొద్దున ఎనిమిదికి ఒక లోటా, అంతే. ఎందుకప్పా అంటే, "తాగితే పక్కకు పోవాల కదక్కా. పోవాలంటే అన్నీ ఇప్పాల. నిన్న అట్ల ఇప్పిస్తే పావుగంట పోయిందని ఆయప్ప ఎట్ల అరిసినాడో చూస్తివి కదా," అన్నాడు. అరిచింది డైరెక్టరు. సిద్దక్క ఆ మాట అక్షత చెవిన వేసింది. "నేను చెప్తానక్కా," అంది అక్షత. చెప్పిందో లేదో తెలియదు.

తొమ్మిదో రోజు. ఆ రోజు జిల్లాలో నలభై నాలుగు డిగ్రీలని తర్వాత పేపర్లో వచ్చింది. పైలోకం అల్లుడు డప్పు చప్పుడుకు గంతులేస్తూ వచ్చి, మడిలో కాలు జారి పడాలి. అదీ సీను. పదకొండు గంటలకు కుట్టింది సిద్దక్క. ఒకసారి డప్పు తప్పింది, ఒకసారి గేదె అడ్డొచ్చింది, ఒకసారి పడడం బాగా రాలేదు. మధ్యలో తల రబ్బరు మాత్రం ఎత్తి గాలి విసిరారు, వీపు విప్పలేదు. విప్పితే మళ్లీ కుట్టాలి, ఎండ పోతుంది అన్నారు. బసవపున్నయ్య మాస్టారిని కూడా ఆ రోజు పిలిపించారు. గొడుగు కింద కుర్చీ వేసి, కెమెరాలో పడేది కనిపించే చిన్న టీవీ పక్కన కూర్చోబెట్టారు.

ఏడోసారి హనుమేశ్ పడ్డాడు. ఈసారి చెప్పిన చోటు కంటే ముందే పడ్డాడు. పడి, రెండు అరచేతులతో నేలను కొట్టాడు. బోర్లా తిరిగాడు. చేతులు రెండూ వెనక్కి పోనిచ్చి వీపు అందుకోవాలని చూశాడు. ఫోములో అవి సగం దాకా పోయి ఆగాయి. మళ్లీ నేలను కొట్టాడు. చూస్తున్నవాళ్లలో ఎవరో పకపక నవ్వారు. డైరెక్టరు చెయ్యెత్తి, "ఆపొద్దు, ఆపొద్దు, అదరగొడుతున్నాడు," అన్నాడు గొంతు తగ్గించి.

టార్పాలిన్ పట్టా నీడలో కూర్చున్న సిద్దక్క లేచింది. ఆ చేతులు ఎందుకు వెనక్కి పోతున్నాయో అక్కడున్న అంతమందిలో తెలిసింది ఆమెకొక్కదానికే. కత్తెర చేతిలోకి వచ్చేసింది. నాలుగడుగులు వేసింది. సినిమా మనిషి ఒకడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఫ్రేములోకి పోతావమ్మా. ఆగు."

ఆగింది.

ఎంతసేపు ఆగిందో తర్వాత ఎన్నోసార్లు లెక్కపెట్టుకుంది. ఒకసారి నిమిషం అనిపించేది, ఒకసారి మూడు నిమిషాలు. తోసుకుని పోయి ఉండొచ్చు. అతను పట్టుకోలేదు కూడా, చెయ్యి అడ్డం పెట్టాడంతే. కానీ ఇరవై ఎనిమిదేళ్లు జీన్స్ యూనిట్లవాళ్లు ఆగమంటే ఆగి, కుట్టమంటే కుట్టిన మనిషి ఆమె. కాళ్లు ఆగిపోయాయి. మడిలో ఆ చేతులు కూడా కాసేపటికి ఆగిపోయాయి. అప్పుడు కట్ అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆమె పరిగెత్తింది. కుట్లు తెంపింది, రన్నరు లాగింది. అది సాఫీగా, ఎక్కడా పట్టుకోకుండా నడుం దాకా జారింది. లోపల నుంచి ఉడుకు గిన్నె మూత తీసినట్టు వేడి కొట్టింది. హనుమేశ్ ఒంటి మీద ఒక్క చెమట చుక్క లేదు. చర్మం పొడిగా, కాలిపోతూ ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి, ఎవరినీ చూడడం లేదు. "అప్పా, హనుమేశప్పా," అని చెంపలు తట్టింది. నీళ్లు పోశారు. బండిలో సిరుగుప్పకు, అక్కడి నుంచి బళ్ళారి పెద్దాస్పత్రికి తీసుకుపోయారు. మూడో రోజు పొద్దున చనిపోయాడు.

ఆ మర్నాడు సినిమా కంపెనీ మేనేజరు బ్రూస్‌పేటకు వచ్చాడు. మర్యాదగా చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి కూర్చున్నాడు. ఎండదెబ్బకు ఆ వారంలో చాలామంది పోయారని, లైట్లు మోస్తూ ఉండగా పడిపోయాడని కాగితాల్లో రాయించామని, ఇంటివాళ్లకు కూడా అట్లాగే చెప్పామని అన్నాడు.

"లైట్లు మోయలేదు కదప్పా," అంది సిద్దక్క.

ఆయన నడవలో ఖాళీ కొక్కెం వైపు చూస్తూ మాట్లాడాడు. "మీ మంచికే చెప్తున్నానమ్మా. ఆ డ్రెస్సు కుట్టింది మీరు. వీపు మూసి కుట్లేసింది మీరు. అక్కడ వంద మంది చూశారు. మాటంటూ బయటికి పోతే ముందు వచ్చేది మీ పేరే."

అదే వారం అక్షత ఫోను చేసింది. గొంతు బొంగురుపోయి ఉంది. వేరే మనిషితో మిగతా సీన్లు తీస్తారట, జిప్పు ముందు వైపుకు మార్చి ఇవ్వాలట. తొడుగు వచ్చింది. కుట్లు విప్పి, జిప్పు తెచ్చి ముందర వేసి, రెక్సిను మడతలో దాచేసింది. దగ్గరికి వచ్చి చూసినా తెలియదు. ఆ పనికి ఆమెకు పట్టింది రెండు గంటలు. అది అయ్యాక మిషను దగ్గర నుంచి లేచి, పెరట్లోకి పోయి, గోడకు ఆనుకుని చాలాసేపు కూర్చుంది.

ఆ తర్వాత జిప్పులు మానేసింది. జేబులు కుడతానని యూనిట్లో అడిగి మార్పించుకుంది. ఎందుకని ఓనరు అడిగితే కళ్లు ఆనడం లేదంది. ఇంట్లోనూ ఎవరికీ చెప్పలేదు. హనుమేశ్ పోయాడని భూమికకు తెలుసు, ఎట్లా పోయాడో తెలియదు.

ఫిబ్రవరిలో సినిమా వచ్చింది. బళ్ళారిలో గోడల నిండా పోస్టర్లు, ఆకుపచ్చ మనిషి మెడలో పూలదండ. 'ప్రసిద్ధ నవల ఆధారంగా' అని కింద రాశారని భూమిక చదివి చెప్పింది. హనుమేశ్ మడిలో పడిన ముక్క సినిమాలోంచి తీసేసి ఉంటారని సిద్దక్క నమ్మకం. చనిపోయిన మనిషి కదా, ఎంతటివాళ్లయినా తీసేస్తారు. అయినా చూసి తెలుసుకోవాలి. శనివారం మధ్యాహ్నం ఆటకు కూతుర్ని తీసుకుని పోయింది.

హాల్లో నలభై మంది ఉన్నారేమో. ఎవరూ నవ్వడం లేదు. అల్లుడు మామ పంచె లాగాడు, నవ్వలేదు. అల్లుడు కుక్కతో కన్నడం మాట్లాడాడు, నవ్వలేదు. కొందరు ఫోన్లు చూసుకుంటున్నారు. విశ్రాంతికి సగం మంది లేచిపోయారు. భూమిక తల్లి చెవిలో, "పాపం మాస్టారు, ఎంత మంచి బుక్కు," అంది.

అప్పుడు డప్పు మొదలైంది. బీటల మడి వచ్చింది. ఆకుపచ్చ మనిషి గంతులేస్తూ వచ్చి, చోటు రాకముందే పడ్డాడు. అరచేతులతో నేలను కొట్టాడు. ఆ దెబ్బలకు సరిగ్గా కప్ప అరుపులు కలిపారు. చేతులు వీపు వైపు పోయినప్పుడు ఎవరో గోక్కుంటున్నట్టు బరబర చప్పుడు పెట్టారు. హాలంతా నవ్వింది. అంతసేపూ విసుక్కుంటున్నవాళ్లు, వెనక్కి వాలి, ఒకరినొకరు తడుతూ నవ్వారు. భూమిక కూడా నవ్వింది. నవ్వుతూ తల్లి వైపు తిరిగి, ఆగిపోయింది.

"ఏమైందమ్మా?"

"నటన కాదు అది," అంది సిద్దక్క. "లోపల హనుమేశప్ప ఇప్పమని కొడ్తాండాడు."

సినిమా సోమవారానికి ఎత్తేశారు. నవలను పాడుచేశారని, చూసినవాళ్ల సహనానికి దండం పెట్టాలని పేపర్లు రాశాయి. నవ్వొచ్చేది ఒక్క మడి సీనులోనే అని కూడా రాశాయి. అంతటితో పోయి ఉంటే ఏమయ్యేదో తెలియదు. కానీ ఆ ముక్క ఒక్కటీ విడిగా ఫోన్లలోకి వచ్చేసింది. మార్చిలో ఎండలు ముదిరే కొద్దీ అది పాకింది. 'బళ్ళారి ఎండలో నేను' అని పైన రాసి ఒకరికొకరు పంపుకున్నారు. ఆటోవాళ్లు చూసి నవ్వుతున్నారు. యూనిట్ నుంచి మూట దింపే మనిషి ఆమెకే చూపించాడు, "సిద్దక్కా, ఇది చూస్తివా," అని. కూరగాయల అంగట్లో వెనక నుంచి ఆ కప్ప అరుపు వినపడితే, చేతిలో సంచి అక్కడే పెట్టేసి ఇంటికి వచ్చేసింది.

ఏప్రిల్ మొదటి వారంలో హచ్చొళ్ళి బస్సెక్కింది. భూమిక వస్తానంది, వద్దంది.

నేత్ర ఇంటి ముందు పొరక కడుతూ ఉంది. సిద్దక్కను గుర్తుపట్టి చాప వేసింది. మనిషి సగమైపోయింది. కుశలం అడగడం అయ్యాక, అడగకుండానే ఫోను తీసింది.

"నువ్వు రావడం మంచిదాయ అక్కా. నిన్నే అడగాలనుకుంటి. ఆ సినిమా మొత్తం మూడుసార్లు చూసినా. ముఖం కనపడదు కదా, యాడ మా ఇంటాయనో, యాడ ఎనకాల వచ్చినోడో తెల్దు. ఇది మాత్రం ఆయనే అనుకుంటా." మడి సీను పెట్టింది. "అరిచేతులు చూడు. నాటకంలో దుర్యోధనుని కొట్టేటప్పుడు ఇట్లే కొడ్తాండె. లైట్లు మోసేకి పోకముందు తీసుంటారు కదా ఇది. రోజూ పొద్దున ఒకసారి చూసి పనికి పోతా. ఆయనే కదక్కా?"

బస్సులో కూర్చున్నంతసేపు సిద్దక్క మాటలు కూర్చుకుంటూ వచ్చింది. అవన్నీ పోయాయి.

"ఆయప్పే," అంది. "లైట్లు మోయలేదు నేత్రా. ఇదే ఆఖరు."

తర్వాత మొత్తం చెప్పింది. వీపు మీద జిప్పు, దారం, తాగని నీళ్లు, పదకొండు నుంచి ఎంతసేపు లోపల ఉన్నాడో, చేతులు ఎందుకు వెనక్కి పోతున్నాయో. అడ్డం పెట్టిన చెయ్యి సంగతి, తాను ఆగిన సంగతి కూడా దాచలేదు. నేత్ర అడ్డు పడకుండా వింది. విన్నాక ఫోనులో చప్పుడు తీసేసి, ఆ ముక్కను మొదటి నుంచి చివరి దాకా ఇంకొకసారి చూసింది.

"నువ్వు యాడుంటివి దీన్లో?"

"కనపడను. ఈ పక్క. పట్టా కింద."

"ఎంత దూరం?"

"పదడుగులు."

నేత్ర ఫోను నేల మీద బోర్లా పెట్టింది. "ఈడ కూచోవద్దు నువ్వు. బయట నిలబడు," అంది.

సిద్దక్క వాకిట్లో ఎండలోకి పోయి నిలబడింది. తలుపు పడింది. లోపల నుంచి ఏడుపు వినపడలేదు, ఏమీ వినపడలేదు. దాంతోనే ఆమెకు ఎక్కువ భయమేసింది. రెండుసార్లు తలుపు తట్టబోయి ఆగింది. గంట దాటాక తలుపు తీసుకుని నేత్ర బయటికి వచ్చింది. చీర మార్చుకుని ఉంది.

"స్టేషన్‌కు పోవాల. రాసిచ్చేకి నాకు రాదు. ఎవరన్నా ఉండారా?"

క్యాంపుకు పోయారు. బసవపున్నయ్య మాస్టారు వరండాలో ఉన్నాడు. సినిమా వచ్చిన నాటి నుంచి ఇల్లు కదలడం లేదని చుట్టుపక్కల అనుకుంటున్నారు, నవల పాడైందన్న దిగులుతో అని. సిద్దక్క వచ్చిన పని చెబుతూ ఉండగానే ఆయన నేత్ర వైపు చూడలేక కళ్లు దించేశాడు.

"నాకు తెలుసమ్మా," అన్నాడు. "అప్పుడు తెలీలేదు, తర్వాత తెలిసింది. ఆ చిన్న టీవీలో నాకు దగ్గరగా కనిపిస్తానే ఉంది. ముందు నవ్వింది నేనేనండి. నేను నవ్వానని వాళ్లందరూ నవ్వారు."

ఆయన లోపలికి పోయి కాగితాలు తెచ్చుకుని, కన్నడంలో రెండు పుటలు రాశాడు. కింద మొదటి సాక్షిగా తన పేరే రాసుకున్నాడు.

స్టేషన్లో రాసుకునే ఆయన సిద్దక్కను ఒక్క మాటే అడిగాడు. "పదకొండు నెలలు ఏం చేస్తాంటివమ్మా?" భయపడితిని అని రాయమంది. అట్లాగే రాశాడు.

మేనేజరు చెప్పినట్టే ముందు వచ్చింది ఆమె పేరే. పట్టీ కుట్టింది ఎవరు, విప్పవలసింది ఎవరు అని విచారణలో మళ్లీ మళ్లీ అడిగారు. అక్షత ఫోను చేసి ఏడ్చింది, తన పేరు చెప్పొద్దని. చెప్పేసినానమ్మా అంది సిద్దక్క. కంపెనీ తరఫు లాయరు ఒకాయన ఇంటికి వచ్చాడు. బెదిరించలేదు. టీ తాగాడు. భూమికను పిలిచి, ఏ కాలేజీ అమ్మా, ఏ బస్సులో పోతావు, సాయంత్రం ఎన్నింటికి వస్తావు అని అడిగి, బాగా చదువుకోమని చెప్పి పోయాడు. ఆ మర్నాటి నుంచి సిద్దక్క పొద్దున పని ఆపుకుని కూతురితో పాటు ఆటోలో గాంధీనగర్ దాకా పోయి వస్తోంది. యూనిట్ నుంచి మూటలు రావడం మెల్లగా తగ్గి, ఒక రోజు ఆగిపోయింది. కారణం ఎవరూ చెప్పలేదు. ఉచ్చెంగెప్ప సండూరు నుంచి వచ్చినప్పుడు మాత్రం ఆ రెండు రోజులూ పడుకోలేదు. గుమ్మంలో కుర్చీ వేసుకుని వీధి చూస్తూ కూర్చున్నాడు.

వారానికి ఒకటి రెండుసార్లు తెలియని నెంబరు నుంచి ఆమె ఫోనుకు ఆ మడి సీను వస్తోంది. కింద ఒక్క అక్షరం ఉండదు. నెంబరు ప్రతిసారీ మారుతుంది. ఆమె చెరపడం లేదు. అన్నీ అట్లాగే ఉంచి, విచారణకు పోయినప్పుడు చూపిస్తోంది.

ఇప్పటికి రెండు వాయిదాలు అయ్యాయి. మూడోది జూన్ పదకొండున. వాయిదా రోజుల్లో నేత్ర హచ్చొళ్ళి నుంచి ఒక్కతే వస్తుంది, మాస్టారు స్కూటరు మీద వస్తాడు, సిద్దక్క బళ్ళారి బస్సులో వస్తుంది. సిరుగుప్పలో విచారణ జరిగే చోట ముగ్గురూ ఒకే వరండాలో పొద్దు వాలేదాకా కూర్చుంటారు. నేత్ర ఆమెతో మాట్లాడదు. పోయిన వాయిదా నాడు సిద్దక్కను పిలిచి లోపల రెండు గంటలు నిలబెట్టి ప్రశ్నలు వేశారు. బయటికి వచ్చి గోడ పట్టుకుని నిలబడింది. నేత్ర బెంచీ మీద కొంచెం పక్కకు జరిగింది. జరిగి, మొహం అటు తిప్పుకుంది. సిద్దక్క ఆ ఖాళీలో కూర్చుంది.